అత్తగారి వాటా

అత్తగారిని విదేశయాత్రకు తీసుకెళ్లిన అల్లుణ్ని బంధువులంతా ఆకాశానికెత్తారు. సుంకం లేకుండా మనిషికి రెండే విస్కీ సీసాలు తెచ్చుకోవచ్చన్న సంగతి పాపం వాళ్లకు తెలియదు. తిరుగు ప్రయాణంలో అల్లుడు తన రెండూ పెట్టెలో పెట్టుకుని, మరో రెండు ఆవిడ చేతిసంచిలో సర్దాడు.

కస్టమ్స్ అధికారి ఆ సంచి తెరిపించాడు. "ఇవి మీవేనా అమ్మా?"

ఆవిడ నోరు విప్పేలోపే అల్లుడు అందుకున్నాడు. "మా అత్తగారివే సార్. ఈ వయసులోనూ అలవాటు మానలేకపోతున్నారు."

వరుసలో ఉన్నవాళ్లంతా మెడలు చాచి చూశారు. ఆవిడ తల వంచుకుంది. అధికారి జాలిపడి పంపించేశాడు.

బయట టాక్సీ ఎక్కగానే అల్లుడు సంచి కోసం చెయ్యి చాపాడు. ఆవిడ దాన్ని ఒళ్లోకి లాక్కుంది.

"ఉండనివ్వండి అల్లుడుగారూ. పరువు ఎలాగూ లోపల పోయింది. సీసాలైనా నాకు దక్కనివ్వండి."