బస్తాల కాటా

కళ్లంలో మిరప బస్తాలు తూచే కాటా మీంచి దిగి, వందన గర్వంగా నవ్వింది. "చూశారా అత్తయ్యా, ఇంకో రెండు కిలోలు తగ్గాను!"

మిరపకాయలు ఏరుతున్న ప్రభావతి తలెత్తలేదు. "మా గొప్ప పని చేశావులే. పొద్దున్నుంచి ఏం తిన్నావు?"

"నిమ్మకాయ నీళ్లు తాగాను."

"ఆహా, పెళ్లి భోజనమే!"

ఈవిడకేం తెలుసు అనుకుంటూ వందన మూతి ముడిచి, తనూ ఏరడానికి కూర్చుంది. ఎర్రటి కాయలు ఉంచి, పాలిపోయిన తాలుకాయల్ని దూరంగా విసిరేస్తోంది.

"ఏమే, వాటినెందుకు పారేస్తున్నావు?"

"తాలుకాయలండీ. రంగూ లేదు, కారమూ లేదు."

"అయితే ఏంది? చానా తేలిగ్గా ఉన్నాయి గదా!"

వందన చెయ్యి గాల్లోనే ఆగింది. మొహం జేవురించింది. విసురుగా లేవబోయి, కళ్లు తిరిగి బస్తా మీద కూలబడింది.

ప్రభావతి ఒక్క అంగలో వచ్చి భుజం పట్టుకుంది. "ముందు నిలబడ్డానికి తిను. సన్నబడ్డం తరవాత చూద్దాం." క్యారేజీ విప్పి, పప్పన్నం ముందు పెట్టింది.

వందన గబగబా తింది.

"ఏం, మళ్లీ ఎక్కుతావా కాటా?" అత్త వెటకారం ఇంకా తగ్గలేదు.

"దాన్ని బస్తాలకే ఉంచండి అత్తయ్యా. నాకింకాస్త పప్పు వెయ్యండి."