కుందేలు వేసిన మూడు గులకరాళ్లు

ఒక చిట్టడవిలో తొలి మబ్బులాంటి మెత్తని మనసున్న కుందేలు ఉండేది. ఎవరేమడిగినా కాదనలేని మొహమాటం దానిది.

ఆ ఏడు అడవిలోని జంతువులూ పక్షులూ అందరి కోసం తలా ఒక రోజు పని చేస్తామన్నారు. ఆ పనితో వానల్లోపు అడిగిన వాటిలో ఒక్కటే కట్టగలరు. ఏది కట్టాలో తేల్చడానికి ఒక్కొక్కరికి మూడు గులకరాళ్లు ఇచ్చారు. మూడూ ఒకదానికే వేయొచ్చు, మూడింటికి ఒక్కొక్కటి పంచనూవచ్చు.

తీతువు నేలమీద గుడ్లు పెట్టింది. "పశువులు తొక్కకుండా ముళ్లకంచె కావాలక్కా," అంది. కుందేలు కళ్లు చెమర్చాయి. "మూడూ నీకే చెల్లీ," అంది.

రాళ్లు వేయడానికి వెళ్తుంటే దారిలో నెమలి ఆపింది. "వదినా, నా ఆటగద్దెకి ఒక్క రాయి! ఏం, అరిగిపోతావా?" అంటూ పురి విప్పింది. కుందేలు మైమరచి ఒకటి వేసేసింది. కోతి ఊయల కోసం బతిమాలితే ఇంకొకటి వేసింది. చివరిది కంచెకి వేసింది.

లెక్క తేలింది. గద్దెకి పదకొండు, కంచెకి పది.

తొలివానకి అందరూ నెమలి ఆట చూస్తుంటే, ఉరుముకి బెదిరిన ఆవులమంద గుడ్ల మీదుగా పరుగెత్తింది. కుందేలు వెళ్లేసరికి బురదలో పెంకులే మిగిలాయి.

"నావల్లే..." అనబోయింది. 

అంతలో తీతువు దాని పక్కన వాలింది. "ఎవరు వేయకపోయినా నువ్వు మూడూ నాకే వేశావు కదక్కా. అది చాలు," అంది.