మూడు ఇసుక సంచులు

"ఈ పడవ తీసుకోకండి సాబ్," అన్నాడు ముసలివాడు రెండోసారి.

దేవానందం విననట్టే ఎర్ర పడవ చుట్టూ తిరిగాడు. ఇంజను మీద చెయ్యి వేసి నిమిరాడు.

హుస్సేన్ సాగర్ ఒడ్డుకి ఆ మోటారు పడవ చూడటానికి భార్యాపిల్లలతో అతను రావడం ఇది రెండో ఆదివారం. దేవానందం రైల్వే కాంట్రాక్టరు. చలికాలం పడవల పందెంలో గెలవాలి, ఆదివారాలు భార్యనీ పిల్లల్నీ షికారు తిప్పాలి. రెండూ ఒక్క పడవతోనే కావాలి అతనికి.

పోలీసు యాక్షన్ జరిగి ఎనిమిది నెలలైంది. కొలువులు పోయినవాళ్లూ, ఊరు విడిచి వెళ్తున్నవాళ్లూ రెజిమెంటల్ బజార్ దలాలు తుకారాం చేత సామాన్లు అమ్మిస్తున్నారు.

"అమ్మేటోళ్ల పేరు అడగొద్దు. పెద్ద ఖాందాన్, గొప్పింటోళ్లు. పడవ కాడ ఒకాయన ఉంటడు, చూపిస్తడు," అని చెప్పి పంపించాడు తుకారాం.

అక్కడున్నది ఈ ముసలివాడే. మౌలా అలీ అని పేరు చెప్పాడు. పైజామా నిండా గ్రీజు మరకలు.

దేవానందం భార్య సువార్త పిల్లలిద్దర్నీ తన వైపుకి లాక్కుంది.

"ఏం, ఉరకదా ఇది?" అన్నాడు దేవానందం.

"ఉరుకుతది సాబ్. మీరొక్కరే కూసుంటే దీన్ని అందుకునేది ఈ సాగర్ల లేదు. అమ్మ, పిల్లలు సుత కూసుంటే ఎనక కుంగుతది. జోరు మీద మలిపిన్రంటే నీళ్లు లోపలికొస్తయ్."

"మరి ఏది కొనాలె?"

ముసలివాడు పక్కన కట్టేసి ఉన్న వెడల్పాటి పచ్చ పడవ చూపించాడు.

"గది జెర నిదానం. పందెం గెలవది. ఇంటిల్లిపాదికి అదే మంచిది."

"బాతు లెక్కుంది," అని నవ్వాడు దేవానందం.

"బాతు మునగది సాబ్."

సువార్తకి సంగతి తెలిసిపోయిందనిపించింది.

"పచ్చ పడవోళ్లు నీకేమిస్తమన్నరు?" అంది.

అతను వంగి పడవ తాడు బిగించాడు. అది ఒప్పుకోవడమే అనుకుని ఆమె ఇంకో మాట కూడా అంది.

"పోయినేడు ఇదే పడవల రజాకార్లను తిప్పినవో ఏమో. గిప్పుడు మాకు నీతులు చెప్తున్నవు."

ఆ మాటకి దేవానందమే తల దించుకున్నాడు.

ముసలివాడు ఒడ్డునున్న పాకలోకి వెళ్లి ఒక్కొక్కటిగా మూడు ఇసుక సంచులు మోసుకొచ్చాడు. పెద్దది, నడిమిది, చిన్నది. మూతులు దగ్గరగా కుట్టి ఉన్నాయి.

"పోయిన ఐతారం మిమ్ముల చూసి అందాజగ నింపిన. ఇది అమ్మ. ఇది పాప. ఇది బాబు. ఒక్కసారి వీటిని ఎక్కించుకొని తిప్పండి సాబ్. అటెన్క మీ ఇష్టం."

ఆరేళ్ల ఆలిస్ చిన్న సంచిని తట్టి చూసింది.

"ఈ తమ్ముడే మంచిగున్నడు. ఏడ్వడు."

"నీ నోరు మూయించేందుకన్నా తిప్పుతా," అని ముసలివాడితో అంటూ దేవానందం సంచులతో పడవెక్కాడు.

ఎర్ర పడవ నీళ్లని చీల్చుకుంటూ పోయింది. చూస్తుంటే సువార్తకి గర్వంగానే ఉంది. కాస్త దూరం వెళ్లి, వేగం తగ్గించకుండా వెనక్కి మలిపాడు దేవానందం.

పడవ వెనక భాగం కుంగింది. నీళ్లు ఒక్కసారిగా లోపలికి వచ్చాయి.

ముందు చిన్న సంచి జారిపోయింది. తరవాత నడిమిది. పెద్దది ఎప్పుడు పోయిందో ఆమె చూడలేదు. పిల్లలిద్దర్నీ ఎంత గట్టిగా పట్టుకుందంటే చిన్నవాడు నొప్పికి ఏడ్చాడు.

అప్పటికే ముసలివాడు నీళ్లలో ఉన్నాడు.

దేవానందాన్ని చొక్కా పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చాడు. పడవ మాత్రం తేలలేదు. అది మునిగినచోట నూనె తెట్టు కట్టింది.

"సంచులే కదమ్మా," అన్నాడు ముసలివాడు రొప్పుతూ.

ఆ నూనె తెట్టు వైపు కాసేపు చూసి, తడి బట్టలతోనే వెళ్లిపోయాడు.

సువార్త పిలవాలనుకుంది. ఇందాకటి దాకా 'నువ్వు' అన్న మనిషిని ఏమని పిలవాలో తోచలేదు.

ముసలివాడు దూకేముందు విడిచిన చెప్పులు ఒడ్డునే ఉండిపోయాయి. అడుగు మూడుసార్లు కుట్టించినా, తోలు మేలు రకం. కాళ్ల కొలత తీసుకుని చేయించుకున్నవి. పోయిన ఆదివారం ఆమెకి గ్రీజు మరకలే కనిపించాయి. ఈ వేళా అంతే.

మర్నాడు పొద్దున్నే చెప్పులు కాగితంలో చుట్టుకుని భర్తతో తుకారాం కొట్టుకి వెళ్లింది.

"పడవ నా చేతుల్నే మునిగింది. ఓనరుకి దాని ఖరీదిస్త," అన్నాడు దేవానందం.

"ఎవరికిస్తరు సాబ్? బీబీని తోలుకొని పొద్దుగాల బొంబాయి బండికే పోయిండు. ఈ పడవ అమ్మితె అక్కడ ఇల్లు చూసుకుందమనుకున్నడు. ఇగ నిన్న ఆమె గాజులమ్మిండు. మీరు పైసలు తెస్తే ముట్టొద్దని నాతోని ఒట్టేయించుకుండు."

అంత పెద్దమనిషి ఎవరో సువార్త అడగలేదు. ఆమె వచ్చిన పని వేరు.

"ఆ పడవ చూపించినాయన ఇల్లు ఎక్కడ? చెప్పులియ్యాలె. నేను అనరాని మాటన్న. మాఫీ అడగాలె," అంది కాగితం విప్పుతూ.

తుకారాం చెప్పుల వంక చూశాడు.

"నిన్న ఉత్త కాళ్లతోని వచ్చిండు, ఎందుకో అనుకున్న."

ఆమె చెప్పుల్ని మళ్లీ కాగితంలో చుట్టేసింది.

"పాతికేండ్ల సంది మంది సామాన్లు అమ్మిపెడుతున్న తల్లీ," అన్నాడు తుకారాం, "తన సామాను తనే కొనొద్దని చెప్పినోణ్ణి ఈయనొక్కణ్ణే చూసిన."