భయం ఉన్నంతసేపూ

"అక్కా, అద్దం పగలగొట్టేస్తాను!"

ఎలుకల కోసం ఆక్సిజన్ తగ్గించి పెట్టిన గది అది. తలుపు బిగుసుకుపోయి పరిశోధకురాలు లోపల చిక్కుకుంది. బయట ఆమె చెల్లెలు తలుపు గుంజుతోంది.

"వద్దే! బయటి గాలి సోకితే ఏడాది కష్టం బూడిదపాలు. మెకానిక్ వస్తున్నాడుగా."

"భయమేస్తోందా?"

"వేయదా మరి! అదీ మంచిదేలే. ఆక్సిజన్ చాలకపోతే మనిషికి ముందు పోయేది భయమే. ఈ కొండ ఎలుకలకేం, హాయిగా తింటున్నాయి."

చెల్లెలు అద్దానికి ముఖం ఆనించి అదే అడుగుతూ పోయింది.

"భయమేస్తోందా?"

"ఆఁ."

"భయమేస్తోందా?"

"ఆఁ, ఆఁ. నా ప్రాణం తోడెయ్యకే."

"అక్కా, భయమేస్తోందా?"

గోడకి జారగిలబడిన అక్క పకపకా నవ్వింది. "భయమెందుకే పిచ్చిదానా? ఎంత హాయిగా ఉందో!"

చెల్లెలు ఇనుప కుర్చీ ఎత్తి అద్దాన్ని బాదింది.