బురుజుకు మగదిక్కు

లెకా బురుజు దిగక ఆరేళ్ళయింది.

పేరుకు దొరల బురుజు. ఆ అల్బేనియా కొండల్లో జెండా మోసే వంశాలు తప్ప మరొకరు అంత ఎత్తు కట్టకూడదు. మూడంతస్తుల రాతి గోడలు. కిటికీలకు బదులు తుపాకీ గొట్టం పట్టేంత సందులు. గుమ్మం రెండో అంతస్తులో ఉంది. నిచ్చెన పైకి లాక్కుంటే బయటివాడు లోపలికి రాలేడు, లోపలివాడికీ బయటి గాలి తగలదు. సందులోంచి సొంత చేను జానెడు కనిపిస్తుంది. దాన్ని చూసి చూసి లెకా కళ్ళు కాయలు కాచాయి.

తండ్రి ఎప్పుడో మిరాష్ అనేవాడి అన్నను కాల్చి చంపాడు. ఆయన జ్వరమొచ్చి హాయిగా పోయాడు. పగ మాత్రం ఇంటి మగదిక్కు మీద పడింది.

కింద కాపుకాసే మిరాష్‌ది రోజూ ఒకటే పాట.

"ఒరేయ్ లెకా! మగాడివైతే దిగరా!"

"మగాణ్ణి గనకే ఇక్కడున్నానురా, వెధవా! లేకపోతే నీ కళ్ళముందే చేలోకి పోదును!"

అమ్మ మాత్రం మొక్కజొన్నల మూట నెత్తిన పెట్టుకుని వాడి ముందునుంచే మరకు పోయొస్తుంది. ఆడవాళ్ళ మీద తుపాకీ ఎత్తితే వాడి వంశం మొత్తం ఊళ్ళో తలెత్తుకోలేదు.

ఆవేళ ఊరిపెద్ద ప్రెలా తాత వచ్చాడు. చిన్న మూటొకటి తాడుకు కట్టి పైకి పంపాడు.

"ఆరోజు నువ్వు నాకిచ్చిందే, నాయనా. తీసేసుకో. ఒట్టు వదిలేసి దిగు. మిరాష్ నీ జోలికి రాడు, నాదీ పూచీ."

"రాను," అన్నాడు మిరాష్, తుపాకీ దించి.

"మరి బురుజు?"

"మీ బాబాయి కోల్‌కు పోతుంది. ఆచారం."

"అమ్మ?"

తాత నసిగాడు. "మేకల కొట్టం ఖాళీగానే ఉందన్నాడు కోల్."

లెకా చెయ్యి నిచ్చెన మీదికి పోయింది. అబ్బ, ఒక్కసారి ఆ తడి మట్టిలో కాలు పెడితే చాలు!

"నాకేం, మేకలతో పడుంటాలే," అంది అమ్మ వెనకనుంచి. "వెళ్ళు."

లెకా నిచ్చెన వదిలేశాడు.

"బాబాయికి చెప్పు తాతా, ఈ బురుజుకు మగదిక్కుందని!"

మూట తీసుకెళ్ళి పొయ్యిలో పడేశాడు.

గుడ్డ కాలి, లోపలిది భగ్గుమంది: తండ్రి పోయిననాడు, మగబిడ్డ లేని ఇల్లని బాబాయి బురుజు కోసం వస్తే, "ఇకనుంచి నేనే మగవాణ్ణి" అని పెద్దలముందు ఒట్టేసి, అంతవరకూ లేనా అనే పేరుతో పిలిపించుకున్న పిల్ల కోసిచ్చిన బారెడు జడ.