సోమవారం దగ్గు

"గోడ పొడిగా ఉందని మీ మీటరే చెబుతోంది కదా బాబూ," అంది టీచరమ్మ.

అతను తేమ మీటరును గోడకు మళ్ళీ గట్టిగా నొక్కాడు. అంకె కదల్లేదు. పిల్లలు మధ్యాహ్నం పడుకునే ఆ గదిలో ఇది తొమ్మిదో చోటు. తొమ్మిది చోట్లా పొడే. అతనికి ఒళ్ళు మండిపోయింది. ఇళ్ళలో, ఆఫీసుల్లో బూజు ఎక్కడ దాక్కున్నా పట్టుకోవడమే అతని వృత్తి. జనం ముందర సార్ అంటారు, వెనక బూజాయన అంటారు.

"పైన పొడిగానే ఉంటుంది. లోపల కుళ్ళుతుంది. ఇలాంటి గోడలు ఎన్ని చూడలేదు?"

"ఇరవై రెండేళ్ళుగా ఈ క్రెష్ నడుపుతున్నా. ఇక్కడ ఏ పిల్లకీ జబ్బు రాలేదు."

"నా పిల్లకి వచ్చింది."

అతని కూతురికి నాలుగేళ్ళు. రెండు నెలలుగా ఖంగు ఖంగుమని దగ్గుతోంది. మందులు మార్చి మార్చి విసిగిన డాక్టరు చివరికి, పాప ఎక్కడైనా బూజు పట్టిన గాలి పీలుస్తోందేమో చూడమన్నాడు. ఆ మాట బూజాయనకే చెప్పాల్సి వచ్చినందుకు కొంచెం నవ్వాడు కూడా. అతనికి నవ్వు రాలేదు. దగ్గు సోమవారం ఎక్కువ, శుక్రవారానికి తగ్గుముఖం. ఇంకేం కావాలి? శని, ఆదివారాలు తలుపులు బిగించిన గదిలో బూజు పెరుగుతుంది, సోమవారం పిల్లల్ని తెచ్చి అందులో పడుకోబెడతారు. భార్యకు ఇదంతా వేళ్ళు మడిచి మరీ వివరించాడు. ఇవాళ పొద్దున పాప దుప్పటి తీస్తూ ఆవిడ, అలమారా తలుపు ఉబ్బిపోయి మూసుకోవడం లేదని అంటుంటే, వడ్రంగిని పిలుచుకో, నాకు పెద్ద పనుంది అని వచ్చేశాడు.

డ్రిల్లింగ్ మిషను బయటికి తీశాడు. టీచరమ్మ అడ్డం వచ్చింది.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారేం?" అన్నాడు.

ఆవిడ పక్కకు తప్పుకుంది. గోడకు నాలుగు కన్నాలు పెట్టాడు. ఎండు ఇటుక పొడి రాలింది. దాన్నీ కవర్లలో కట్టాడు. పరీక్షకని బయటి గాలి నమూనా ఒకటి, గదిలోది ఒకటి అప్పటికే పట్టి పెట్టాడు. ల్యాబు రిపోర్టు బుధవారానికి వస్తుందని, దాని కింద తన సంతకం పడితే ఈ తలుపుకి తాళమేనని చెప్పాడు.

"వేయించండి," అంది ఆవిడ. కోపంగా గోడ వైపు చెయ్యి చూపించింది. "కానీ సగం చూసి వేయించకండి. ఆ అరలు కూడా చూసి అప్పుడు సంతకం పెట్టండి."

గోడ వారగా పన్నెండు అరలున్నాయి. పిల్లలకు చదవడం రాదు కాబట్టి ఒక్కో అరకూ ఒక్కో బొమ్మ అంటించారు. ఎవరి దుప్పటి వాళ్ళ అరలో. శుక్రవారం ఉతుక్కు రమ్మని ఇంటికి పంపుతారు, సోమవారం తిరిగొస్తుంది. అతని కూతురిది తాబేలు. ఆ బొమ్మ ఇచ్చిన రోజు నుంచీ అది పేరు పెట్టి పిలిస్తే పలకదు, తాబేలూ అంటేనే పలుకుతుంది.

దుప్పట్లలో ఏముంటుందని గొణుక్కుంటూనే, ఆవిడ నోరు మూయించడానికి పని మొదలుపెట్టాడు. ఒక్కో దుప్పటికీ టేపు ముక్క అద్ది, ఊడదీసి, గాజు పలక మీద అంటించి, కవరు మీద బొమ్మ పేరు రాశాడు. ఏనుగు, చిలుక, పిల్లి. తాబేలు అర దగ్గర వంగినప్పుడు దుప్పటి ముఖానికి తగిలింది. ఇంటి వాసన వచ్చింది. బంగారంలాంటి పిల్లని ఇక్కడికి పంపి చేజేతులా జబ్బు తెచ్చానే అనుకున్నాడు. కోపం రెట్టింపయింది.

బుధవారం సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి తల్లిదండ్రులంతా వచ్చారు. అతనే అందరికీ ఫోన్లు చేసి, తప్పకుండా రమ్మన్నాడు. ల్యాబు అమ్మాయి ఫోను రాగానే స్పీకరు పెట్టాడు.

బయట గాలి మామూలేనని, పడక గది గాలిలో మాత్రం బూజు దానికి పదిహేను రెట్లు ఉందని ఆ అమ్మాయి చెప్పింది. ఒక తల్లి గబుక్కున వచ్చి టీచరమ్మ చంకలోంచి తన కొడుకును లాక్కుంది.

"విన్నారుగా ఇరవై రెండేళ్ళ గొప్పలు," అన్నాడు అతను.

"గోడల్లో ఏమీ లేదు సార్," అంది ఫోన్లో ఆ అమ్మాయి. " కన్నాల్లోంచి తీసిన పొడి కూడా శుభ్రంగా ఉంది."

"సరిగ్గా చూడమ్మా."

"రెండుసార్లు చూశాను సార్. ఇది తడిసిన చెక్క మీద, బట్టల మడతల్లో పెరిగే రకం. పన్నెండు దుప్పట్లలో పదకొండు శుభ్రం. ఒక్కదాని నిండా ఇదే. ఎవరింట్లోనో పెరిగి, దుప్పటితో పాటు వచ్చి, దులిపినప్పుడల్లా గదంతా పడుతోంది."

అతని రక్తం ఉడికిపోయింది. అంటే ఎవడో ఒళ్ళు బద్ధకం మనిషి ఇంట్లో బూజు పెంచుకుంటుంటే, తన పిల్ల దగ్గుతోందన్న మాట. చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాల్లోకి ఒక్కొక్కరుగా చూశాడు. చాలామంది తలలు దించుకున్నారు.

టీచరమ్మ దగ్గరికి వచ్చి, "స్పీకరు తీసెయ్యండి బాబూ. పాపం, ఆ ఇంటివాళ్ళకి తెలిసి ఉండదు. చాటుగా చెబుదాం," అంది.

"చాటుగా ఎందుకు? ఇంట్లో కుళ్ళు పెట్టుకుని పసిపిల్లల మధ్యకి పంపే ఆ తండ్రి ఎవడో అందరూ చూడాలి. సిగ్గుతో చావాలి వాడు. కవరు మీద బొమ్మ పేరేంటో చదువమ్మా, గట్టిగా."

అవతల కాగితం తిప్పిన చప్పుడైంది.

"తాబేలు, సార్."