ఏడో నీడ

"మీవాడు కొట్టేది బంతినా, పామునా బావా?" అన్నాడు బావమరిది.

మాస్టారు రిమోట్ నొక్కారు. తెర మీద ఆయన ఆరాధ్య గోల్ఫ్ వీరుడు కర్ర ఎత్తినవాడు ఎత్తినట్టే నిలిచిపోయాడు. ఆ ఒక్క క్షణాన్ని మాస్టారు పొద్దుటి నుంచి పద్దెనిమిదిసార్లు ఆపి చూశారు. మోచేతి వంపును కోణమానినితో తెర మీదే కొలిచారు.

"నోరు జారకు. అది స్వింగు కాదు, తపస్సు. మీవాడి సంగతేమిటి? బంతిని కొట్టడు, బతిమాలుకుంటాడు!"

లోకంలోని గోల్ఫ్ వీరులలో అగ్రగణ్యులు పదిమంది ఎవరన్న జాబితా, మాస్టారి గుండ్రని దస్తూరీలో ఆ హాలు గోడకు వేలాడుతూ ఉంటుంది. అందులో మొదటి స్థానం కోసమే ఈ కురుక్షేత్రం. బావాబావమరుదులిద్దరూ జన్మలో గోల్ఫ్ కర్ర పట్టి ఎరుగరన్న సంగతి వాదానికి ఏనాడూ అడ్డు రాలేదు. వంట రానివాడికే రుచులు బాగా తెలుస్తాయని మాస్టారి సిద్ధాంతం.

డాబా మీద మాస్టారి భార్య కర్రతో తివాచీ దులుపుతోంది. దబ్, దబ్ మన్న చప్పుడుకు హాలు కప్పు అదురుతోంది.

"ఇక్కడ శాస్త్రచర్చ జరుగుతోంది. ఆ దులపడం కాస్త ఆపమని మీ అమ్మకు చెప్పమ్మా!"

కంప్యూటర్ ముందున్న కూతురు తల ఎత్తలేదు. వీడియోలు కత్తిరించి కూర్చడం ఆమె ఉద్యోగం. "నువ్వే చెప్పు నాన్నా," అంది.

అంతటి సాహసం మాస్టారి జాతకంలో లేదు. అందుకని బావమరిది వైపే తిరిగారు. "నలభై ఏళ్లు పరీక్ష పేపర్లు దిద్దినవాణ్ణి. పేరు చూసి మార్కులు వేయడం మహాపాపం. పేరున్న ముక్క చించేసి, నంబరు మాత్రం ఉంచేవాళ్లం. ఇదీ అలాగే తేలుద్దాం. అమ్మాయ్, పదిమంది ముఖాలూ బట్టలూ చెరిపెయ్. నీడలు మాత్రమే కనబడాలి. నేను దిద్దుతాను."

"నువ్వా? మీవాణ్ణి గుర్తుపట్టవూ?"

"చీకట్లోనైనా గుర్తుపడతాను."

"అదే నా భయం బావా!"

"పందెం ఏమిటి?" అంది కూతురు.

ఇద్దరి కళ్లూ ఒకేచోట వాలాయి. టీవీకి ఎదురుగా ఆ ఇంట్లో మెత్తని కుర్చీ ఒక్కటే ఉంది. రెండోది చెక్క స్టూలు.

"మొదటి ర్యాంకు ఎవరి మనిషికి వస్తే, ఏడాదిపాటు వారిదే ఈ కుర్చీ, ఈ రిమోట్. మాట తప్పితే నేను పంతులునే కాదు," అన్నారు మాస్టారు.

కూతురు ఫోను తీసుకుని ఒకసారి డాబా మీదికి వెళ్లివచ్చింది. కాసేపటికి తెర మీద నల్లని నీడలు వరుసగా కర్రలు ఊపసాగాయి. బంతి లేదు, మైదానం లేదు.

మాస్టారు ఎర్రసిరా కలం విప్పారు. నాలుగో నీడను చూసి ముఖం చిట్లించారు. "నడుముదొక దారి, చేతులదొక దారి. ఇతను వెళ్లవలసింది మైదానానికి కాదు, వైద్యుడి దగ్గరికి. సున్నా!"

ఏడో నీడ రాగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "చూడవోయ్! పాదాలు భూమిలో పాతుకున్నాయి. నడుములో తొందర లేదు. ఆ కర్ర దిగడం చూశావా? పాతకక్ష తీర్చుకుంటున్నట్టు లేదూ! ఇంకెవరు, మావాడే. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, ఈ మాత్రం పోల్చుకోలేనా?"

నూటికి నూరు వేశారు. పక్కన 'అద్వితీయం' అని రాసి, కింద సంతకం కూడా చేశారు.

కూతురు అసలు జాబితా తీసింది. "నాన్నా, మీవాడు నాలుగో నంబరు."

బావమరిది స్టూలు మీంచి జారిపోయేంతగా నవ్వాడు. "మీవాడి తపస్సుకు సున్నా వచ్చిందా బావా! ఏడు మావాడన్నమాట!"

"మీవాడు తొమ్మిదో నంబరు మామయ్యా. నాన్న ఆరు మార్కులు వేశాడు."

నవ్వు ఆగిపోయింది. "అయితే ఆ ఏడో నంబరు ఎవరు?" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో.

"ఒక వీడియో తెరుచుకోలేదు. పది నిండాలి కదా అని..." కూతురు మెట్ల వైపు చూసింది. అప్పుడు గాని మాస్టారికి స్ఫురించలేదు, డాబా మీద చప్పుడు ఎప్పుడో ఆగిపోయిందని.

ఆయన భార్య తాపీగా మెట్లు దిగి వచ్చి, చేతిలోని కర్రను గోడకు ఆనించి, మెత్తని కుర్చీలో హాయిగా వెనక్కి వాలి చెయ్యి చాచింది: "నూటికి నూరు వేశారటగా, ఆ రిమోట్ ఇలా ఇవ్వండి."